కొండదారి ఎవరి రచన?

1

సాహిత్య విమర్శ పరిధిలోకి ఏ రచన వస్తుంది, ఏది రాదు అన్న ప్రశ్నకు మన దగ్గర అలవాటుగా ఒక జవాబు ఉంది. కవిత్వం, కథ, నవల, నాటకం వస్తాయి. కాస్త ఉదారంగా ఉంటే యాత్రాచరిత్ర, ఆత్మకథ, లేఖలు కూడా వస్తాయి. కొండ ఎక్కబోయేవాడికి దారి చెప్పే కరపత్రం గానీ, నడక ప్రణాళిక గానీ వస్తుందని ఎవరూ అనరు. అది సమాచారం, సాహిత్యం కాదు అంటారు. ఈ వ్యాసంలో నేను ఆ సమాచారాన్నే విమర్శకు పెడుతున్నాను. మా నర్సీపట్నం ఎగువనున్న మన్యం గురించి ఈనాడు తెలుగులో ఎక్కువమంది చేతుల్లో నాకు కనిపిస్తున్న వచనం కథా కాదు, నవలా కాదు. తెల్లవారుజామున ఎన్ని గంటలకు బయలుదేరాలి, బండి ఎక్కడ ఆపాలి, అక్కణ్ణించి ఎంతదూరం నడవాలి, మబ్బులు ఏ గుట్టమీది నుంచి బాగా కనిపిస్తాయి అని చెప్పే వచనం. ఇంతమంది చదివే రచనకు ఒక దృక్పథం ఉండకుండా ఉండదు. అది ఏమిటో తేల్చుకోవడం విమర్శకుడి పని.

ముందు దాని రూపం చూద్దాం. నడక ప్రణాళిక ఇంకా జరగని ప్రయాణాన్ని చెబుతుంది. అందువల్ల దాని క్రియలన్నీ విధ్యర్థకాలు: ఎక్కండి, దిగండి, కుడికి తిరగండి, ఆగి చూడండి. మధ్యమ పురుష తప్ప మరో పురుష దానిలో దాదాపు ఉండదు. నాయకుడు పాఠకుడే. కథలో నాయకుడికి ఎదురయ్యే మనుషులుంటారు, వాళ్లకు పేర్లుంటాయి, పనులుంటాయి. ఈ రచనలో ఎదురయ్యేవి వాగు, లోయ, మంచు, సూర్యోదయం. మనుషులు వచ్చినా అమాయకులు, అతిథిప్రియులు అన్న రెండు విశేషణాలతో వచ్చి వెళ్లిపోతారు. వ్యాకరణంలోనే ప్రథమ పురుషకు చోటు లేని రచనకు కొండ ఖాళీగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఈ పనికి మనం వాడుతున్న మాటను కూడా గమనించాలి. యాత్ర అంటే చివర ఒక క్షేత్రం ఉండాలి. ప్రయాణం అంటే ఒక పని ఉండాలి. షికారు అంటే తీరిక ఉంటే చాలు. కొండల్లో నడవడమే ఉద్దేశంగా పెట్టుకుని నడవడానికి మనకు పాతమాట లేదు, ట్రెక్కింగ్ అంటున్నాం. దక్షిణాఫ్రికాలో స్థిరపడిన డచ్చి సంతతివాళ్ల భాష నుంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి మనకూ వచ్చిన మాట అది. ఎడ్లబండ్లలో సామాను వేసుకుని కొత్త భూములు వెతుక్కుంటూ సాగిపోవడం దాని మొదటి అర్థం. ఆ భూములు అప్పటికే ఎవరివో అన్న సంగతి ఆ మాటలో వినిపించదు. మాటకు పుట్టుకతో వచ్చిన గుణం ప్రతి వాడుకలోనూ ఉంటుందని నేననను. కానీ మన కరపత్రాల్లో ఆ గుణం ఇంకా పోలేదు.

2

మన వచనంలో దారిని శ్రద్ధగా రాసిన తొలి పెద్ద పుస్తకం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. పుస్తకం 1838లో అచ్చయింది. యాత్రాచరిత్రగా దాన్ని మనం పాఠాల్లో చెబుతాం. నా దృష్టిలో అది యాత్రాచరిత్ర ఎంతో, దారి ప్రణాళిక అంత. ఈ మజిలీ నుంచి ఆ మజిలీకి ఎన్ని ఆమడలు, దారి ఇసుకా రాయా, నది ఎలా దాటాలి, నీళ్లు మంచివా కావా, అంగళ్లలో ఏం దొరుకుతుంది, దిగడానికి సత్రం ఉందా తోపు ఉందా అని ఆయన వరసగా రాసుకుపోతాడు. తన వెనక వచ్చేవాడికి పనికిరావాలన్న ఆలోచన ఆ వాక్యాల్లో కనిపిస్తుంది. ఊరిని ఊరుగా, అక్కడ ఏ వృత్తులవాళ్లు ఉన్నారో, ఏం పండుతుందో, ఎవరి ఏలుబడిలో ఉందో చూసిన కన్ను ఆయనది. ఇవాళ్టి కరపత్రానికి లేని గుణం ఇది.

అయితే ఆ పుస్తకానికి ఒక పరిమితి ఉంది, అది వ్యక్తిది కాదు, ఆ కాలపు సామాజిక సంబంధాలది. ఆయన ప్రయాణించింది పల్లకీలో, పరివారంతో. దారి ఎగుడుదిగుళ్లు బోయీల భుజాలకు తెలిసి, అక్కణ్ణించి ఆయన కలానికి చేరాయి. బోయీల ప్రస్తావన ఆ పుస్తకంలో లేకపోలేదు. లేనిది వాళ్ల గొంతు. దారి రాసినవాడు ఒకడు, దారి నడిచినవాళ్లు వేరొకరు. మన దారి వచనం ఈ చీలికతోనే మొదలైంది. తిరుగు ప్రయాణంలో ఆయన జగన్నాథం మీదుగా తీరపు బాట పట్టి మన ఉత్తరాంధ్రలోంచే వెళ్లాడు. పడమట కనిపించే కొండల్లోకి ఆ బాట వెళ్లలేదు. ఆ కొండలకు దారి వచనం వేరే చేతుల్లో, వేరే అవసరాలతో పుట్టింది. అది అటవీశాఖ, రెవెన్యూశాఖ, పోలీసుశాఖల అవసరం.

3

నర్సీపట్నం నుంచి డౌనూరు దాటాక ఘాటీ మొదలవుతుంది. సుమారు ముప్పై కిలోమీటర్ల ప్రయాణంలో మైదానం నుంచి వెయ్యి మీటర్ల ఎత్తుకు, లంబసింగికి చేరతాం. అక్కణ్ణించి తాజంగి, చింతపల్లి. ఇంకోవైపు పాడేరు దగ్గర వంజంగి కొండ. మబ్బులు చూడడానికి లంబసింగి దగ్గర చెరువులవేనం, పాడేరు దగ్గర వంజంగి ఇప్పుడు పేరుమోసిన చోట్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో ఉండిపోయింది. ఘాటీ ఎక్కితే పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లా. ఆ విధంగా కొండ ఎక్కేవాడు ఇప్పుడు ఒక వీరుడి పేరులోకి ఎక్కుతున్నాడు. అతని నడక ప్రణాళికలో మాత్రం ఆ పేరుకు పని ఉండదు.

ఆ ప్రణాళికల పదజాలం చూడండి. లంబసింగి అనగానే ఆంధ్రా కశ్మీరు అంటారు. ఒక చోటికి మరో చోటి పేరు పెట్టి మెచ్చుకోవడం అంటే ఆ చోటు తనంతట తాను చాలదని చెప్పడమే. తర్వాత సున్నా డిగ్రీలు. చలిని అంకెగా చెబితే అది అనుభవించి రావలసిన వస్తువవుతుంది. అదే చలిలో దుప్పటి చాలక తెల్లవార్లూ పొయ్యి చుట్టూ కూర్చున్న ఇంటికి అది అంకె కాదు. మూడోమాట, మానవస్పర్శ ఎరగని ప్రకృతి. దీన్ని మించిన అబద్ధం ఆ కొండల గురించి చెప్పడం కష్టం. భగతలు, కొండదొరలు, కోదులు, వాల్మీకులు, కొండకమ్మరులు తరతరాలుగా పోడు కొట్టి, రాగులు, సామలు చల్లి, పసుపు తవ్వి, కాఫీ నీడన మిరియాల తీగె పాకించి, సంతకు మోసుకొచ్చిన నేల అది. అక్కడి ప్రతి కాలిబాటా ఒక పనికోసం పుట్టింది. ఇది నీళ్లకు, ఇది పోడుకు, ఇది సంతకు, ఇది పిల్లనిచ్చిన ఊరికి.

ఊరిపేర్లు వింటేనే ఈ సంగతి తెలుస్తుంది. చింతపల్లి దగ్గర లోతుగెడ్డ అని ఒక కూడలి ఉంది. గెడ్డ అంటే మా ప్రాంతంలో వాగు. ఆ పేరు పెట్టినవాడు వెనక వచ్చేవాడికి హెచ్చరిక చేశాడు. బట్టిపనుకుల అన్న పేరులో మా వైపు బండరాతిని చెప్పే పనుకు వినిపిస్తుంది. వలస అన్న మాటతో ముగిసే ఊరిపేర్లు ఉత్తరాంధ్ర అంతటా ఉన్నాయి. ఎక్కణ్ణించో లేచి వచ్చి నిలబడ్డవాళ్ల చరిత్ర ఆ ఒక్కమాటలో ఉంది. అంటే కొండకు దారి ప్రణాళిక ఎప్పుడో రాయబడి ఉంది, నోటిమాటగా, పేర్లుగా. మన కరపత్రం దాన్ని చదవకుండా దానిమీద వ్యూపాయింట్ అని పలక పాతుతుంది.

ఇక ఘాటీ దారి సంగతి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి దారి వేయించే పనిలో గూడెం తాలూకా అధికారి బాస్టియన్ కొండవాళ్లచేత చేయించిన వెట్టి, లెక్కల్లో ఒక కూలి చూపి చేతిలో మరో కూలి పెట్టిన తీరు, 1922 మన్యం తిరుగుబాటుకు దగ్గరి కారణాల్లో ఒకటి. దూరపు కారణం 1882 నాటి మద్రాసు అటవీ చట్టం. పోడునూ, అడవిలో నడవడాన్నీ అది నేరం చేసింది. బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర, అతని తమ్ముడు మల్లుదొర రామరాజు వెంట నిలవడానికి వెనకున్న కథలో ఈ రోడ్డు ఉంది, ఈ అధికారి ఉన్నాడు. గంటందొర 1924లో ప్రాణం ఇచ్చాడు. మల్లుదొర జైలు దాటి బతికి, 1952లో విశాఖపట్నం నుంచి లోకసభకు ఎన్నికయ్యాడు.

1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. చరిత్ర పుస్తకంలో ఇవి మూడు దాడుల తేదీలు. ఒకసారి వీటిని నడక ప్రణాళికగా చదవమని సాహిత్య విద్యార్థులను కోరుతున్నాను. వానాకాలం, పొంగే గెడ్డలు, మూడురోజులు, మూడు ఠాణాలు, మధ్యలో కొండలు, దొరికిన తుపాకులు మోత. ఏ బాట ఎప్పుడు తడుస్తుందో, ఏ ఊరు అన్నం పెడుతుందో, ఎక్కడ రాత్రి నిలవవచ్చో తెలియకుండా ఆ మూడు తేదీలు చరిత్రలోకి రావు. ఆ ప్రణాళిక కాగితంమీద లేదు. దాన్ని కాళ్లలో దాచుకున్నవాళ్ల పేర్లు కూడా చాలావరకు లేవు. రామరాజు ముందుగా కబురు చెప్పి దాడి చేసేవాడని, ఆ కబురుకు మిరపకాయ టపా అని పేరని పిల్లలకు కూడా తెలుసు. ఆ టపా మోసి కొండలు దిగినవాడి నడక ఎలాంటిదో చెప్పే పుస్తకం మనకు లేదు.

4

మన నడక ప్రణాళికలన్నిటిలోకీ గొప్ప ప్రశంసగా కనిపించే మాట ఒకటుంది: అక్కడికి రోడ్డు లేదు, నడిచే వెళ్లాలి. రోడ్డు లేకపోవడం నడిచేవాడికి ఆనందం. జనం తక్కువ, చప్పుడు తక్కువ, దారి పొడుగునా పచ్చదనం.

ఇదే వాక్యాన్ని పత్రికల జిల్లాపేజీలో చదవండి. అక్కడికి రోడ్డు లేదు, మోసుకునే వెళ్లాలి. నొప్పులు మొదలైన ఆడమనిషిని దుప్పటిలో కూర్చోబెట్టి, దుప్పటిని కర్రకు కట్టి, ఇద్దరు ముందు ఇద్దరు వెనక మార్చుకుంటూ, గెడ్డ దాటి, అంబులెన్సు ఆగినచోటికి కిలోమీటర్లు మోసుకొచ్చారన్న వార్త మన్యం నుంచి వానాకాలం వచ్చిందంటే రాకుండా ఉండదు. దీన్ని డోలీమోత అంటున్నాం. కొన్నిసార్లు దారిలోనే బిడ్డ పుట్టింది అని వార్త. కొన్నిసార్లు అలా ఉండదు. వీరాస్వామయ్య పల్లకీకీ ఈ డోలీకీ మధ్య రెండు వందల ఏళ్లు గడుస్తున్నాయి. భుజంమీది కర్ర మాత్రం దిగలేదు.

ఒకే వాక్యం రెండు రచనల్లో రెండు అర్థాలివ్వడం మనకు కొత్త కాదు, దాన్ని ధ్వని అని చదువుకున్నాం. ఇక్కడి తేడా ధ్వని భేదం కాదు, వర్గభేదం. రోడ్డు లేకపోవడాన్ని ఎంచుకున్నవాడు ఒకడు. సాయంత్రానికి దిగివస్తాడు. రోడ్డు లేకపోవడంలో పుట్టినవాడు ఇంకొకడు. అతనికి దిగిరావడం అంటే సంతో, ఆసుపత్రో, కోర్టో. మొదటివాడి వాక్యంలో రెండోవాడు లేకపోతే ఆ వాక్యం సమాచారంగా కూడా అసంపూర్ణం. శిల్పం బాగుంది, దృక్పథమే లేదు అని దాటవేయడానికి వీల్లేదు. ఈ దారిలో వానాకాలం మనుషులు చచ్చిపోతున్నారన్న విషయం దారి గురించిన మొదటి సమాచారం.

ప్రభుత్వం 2025లో అడవితల్లి బాట పేరుతో గిరిజన గ్రామాలకు రోడ్లపని మొదలుపెట్టింది. పని జరిగినంతమేరకు మేలే. కానీ రోడ్డు ముందు మబ్బులు కనిపించే గుట్టకు వెళుతుందా, కాన్పు కష్టమయ్యే ఊరికి వెళుతుందా అన్నది రచయితలు గమనిస్తూ ఉండవలసిన సంగతి. గుట్టకు అడిగే గొంతులు ఎక్కువ, ఊరికి తక్కువ.

5

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. మధ్యధరా సముద్రంలో గ్రీసు దేశానికి చెందిన క్రీటు ద్వీపం మన కొండలకన్నా ఎత్తైన కొండలున్నది. దాని పడమటి భాగంలో తెల్లకొండల మధ్య సమరియా లోయ. ప్రపంచం నలుమూలల నుంచి నడకరులు ముందుగా ప్రణాళిక వేసుకుని అక్కడికి వెళతారు. ప్రణాళిక కచ్చితంగా ఉండాలి కూడా. ఉదయమే బస్సులో ఒమాలోస్ పీఠభూమికి చేరాలి. సుమారు పన్నెండు వందల మీటర్ల ఎత్తున, కర్రనిచ్చెన అన్న అర్థం వచ్చే క్సిలోస్కాలో అనే చోట దిగడం మొదలుపెట్టి, పదహారు కిలోమీటర్లు నడిచి లిబియా సముద్రపు ఒడ్డున అగియా రూమేలి చేరాలి. ఆ ఊరికి రోడ్డు లేదు. పడవ తప్పితే రాత్రి అక్కడే. శీతకాలంలో వరదలవల్ల లోయ మూసేస్తారు.

ఆ లోయ మధ్యలో సమరియా అనే ఊరు ఉంది. నడకరులు ఆగి నీళ్లు తాగే చోటు అది. ఇళ్లున్నాయి, ఊరివాళ్లు లేరు. 1962లో లోయను జాతీయ ఉద్యానవనం చేసినప్పుడు వాళ్లు ఊరు ఖాళీ చేసి వెళ్లవలసివచ్చింది. క్రి-క్రి అనే అడవిమేక జాతిని కాపాడడం ఆ ఉద్యానవనం ఉద్దేశాల్లో ఒకటి. మేకజాతి బతకవలసిందే, కాదనను. కానీ ఊరు ఖాళీ అయిన తర్వాత ఆ లోయ మానవస్పర్శ ఎరగని ప్రకృతిగా ప్రపంచానికి పరిచయమయింది. మనుషుల్ని పంపించి, తర్వాత మనుషులు లేని అందాన్ని మెచ్చుకోవడం ఒక పద్ధతి. 1882 చట్టం నీడన బతికిన మన్యానికి ఆ పద్ధతిని ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

అయితే అదే ద్వీపం మన దగ్గర లేని ఒక పుస్తకాన్ని ఇచ్చింది. అసి గోనియా అనే కొండ ఊరి గొర్రెల కాపరి యోర్గోస్ ప్సిహుందాకిస్. 1941లో జర్మన్ సేనలు ద్వీపాన్ని ఆక్రమించాక అతను ప్రతిఘటన దళాలకు వార్తాహరుడయ్యాడు. చినిగిన బూట్లతో, ఆకలితో, ఉత్తరాలూ పరికరాలూ మోస్తూ ఆ కొండలన్నీ తిరిగాడు. యుద్ధం ముగిశాక, సైన్యం నుంచి పారిపోయినవాడన్న తప్పుడు అభియోగంమీద అతన్నే జైల్లో పెట్టారు. అక్కడ తన నడకలన్నీ రాశాడు. క్రీటులో అతనితో కలిసి పనిచేసిన ఇంగ్లీషు అధికారి, రచయిత పాట్రిక్ లీ ఫెర్మర్ దాన్ని ఇంగ్లీషు చేస్తే 1955లో ది క్రెటన్ రన్నర్ పేరుతో వెలువడింది. చదువు కొద్దిగానే దొరికిన ఆ కాపరి తర్వాతి కాలంలో హోమరు మహాకావ్యాలు రెండింటినీ క్రీటు మాండలికంలోకి తెచ్చాడు.

ఆ పుస్తకం ప్రాముఖ్యం వీరగాథ కావడంలో లేదు. అందులో దారి రాసినవాడూ దారి నడిచినవాడూ ఒకడే కావడంలో ఉంది. వీరాస్వామయ్య దగ్గర మనం చూసిన చీలిక అక్కడ పూడింది. ఒక గుహ పేరు వచ్చిందంటే ఆ గుహలో తడిసి పడుకున్న మనిషి చెబుతున్నాడు. ఆ గొంతు ప్రపంచానికి చేరడానికి ఒక అధికారి అనువాదం కావలసివచ్చిందన్న సంగతి కూడా మరవకూడదు. కాపరికి కలం ఉన్నా అచ్చుయంత్రం లేదు.

మన మిరపకాయ టపా మోసినవాడికి కలమూ లేదు. తర్వాతి తరాలకు వచ్చింది. శ్రీకాకుళం ప్రాంతపు ఆదివాసీ జీవితం లోపలి నుంచి వచ్చిన మల్లిపురం జగదీశ్ శిలకోల కథల వంటివి చదివినప్పుడు కొండ వర్ణన వస్తువుగా ఉండడం మానేసి మాట్లాడడం మొదలుపెట్టిందని తెలుస్తుంది. కథలో జరిగిన ఈ మార్పు దారి వచనంలో ఇంకా జరగలేదు.

6

ఇక్కడ మిత్రుల నుంచి రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: కొండలెక్కడం తిండికి లోటులేని మధ్యతరగతి సరదా, దానికి అభ్యుదయ విమర్శ ఎందుకు? ఈ మాట నేను ఒప్పుకోను. వారమంతా గుమాస్తా పని చేసినవాడికి, మిల్లులో నిలబడ్డవాడికి, పరీక్షల కింద నలిగిన విద్యార్థికి కొండగాలిమీద హక్కు ఉంది. రాహుల్ సాంకృత్యాయన్ 1948లో ఘుమక్కడ్ శాస్త్రం రాసినప్పుడు సంచారాన్ని విలాసంగా చెప్పలేదు. సంచారికి స్వావలంబన కావాలని ఒక అధ్యాయం, ఏదైనా ఒక చేతిపనో కళో తెలియాలని ఒక అధ్యాయం, స్త్రీలు సంచారులు కావడం గురించి ఒక అధ్యాయం పెట్టాడు. దారిలో ఉన్నవాళ్లకు బరువు కాకుండా తిరగడం ఎలాగన్నది ఆ పుస్తకం ఆలోచన. నడకను కాదనడం మన పని కాదు. నడకకు ఆ గౌరవం తిరిగి సంపాదించాలి.

రెండో అభ్యంతరం: దారి చెప్పే రెండు పేజీల కాగితంలో చరిత్ర, అర్థశాస్త్రం అన్నీ కూరమంటారా? అనను. ఉపన్యాసం చేర్చినంత మాత్రాన దృక్పథం మారదు. పైన అల్లూరి బొమ్మ వేసి కింద అదే మబ్బుల గుట్ట చెప్పే కరపత్రాలు ఉన్నాయి. నేను అడుగుతున్నది సమాచారం పూర్తిగా ఇమ్మని. నా దృష్టిలో ఒక నడక ప్రణాళిక నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

ఒకటి, ఈ బాట దేనికి పుట్టింది, ఇప్పుడు ఎవరు నడుస్తున్నారు? సంతబాట అయితే సంతరోజు దానిమీద బరువులు మోసే ఆడవాళ్లు ఉంటారు. వాళ్లకు దారి వదలడం నేర్చుకుని వెళ్లాలి. ఆరోజు ఊళ్లో ముసలివాళ్లూ పిల్లలూ తప్ప ఉండరు, ఊరు చూద్దామని వెళ్లకూడదు. రెండు, నీళ్లు ఎవరివి? ఎండాకాలంలో ఊరంతటికీ ఒకే ఊట ఉన్నచోట ఇరవైమంది సీసాలు నింపుకుంటే సాయంత్రానికి ఏమవుతుంది? మూడు, రాత్రి గుడారం వేసే నేల ఎవరిది, డబ్బు ఎవరికి చేరుతుంది? షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదని 1/70 చట్టం చెబుతోంది. నడకరికి చట్టం తెలియనక్కరలేదేమో, ప్రణాళిక రాసేవాడికి తెలియాలి. రిజర్వు అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలని రాసేవాళ్లు, ఊరిలోకి వెళ్లాలంటే ఊరి అనుమతి కావాలని ఎందుకు రాయరు? నాలుగు, దారి చూపేవాడి పేరు, కూలి. మన కాగితాల్లో అతను స్థానికుడు మాత్రమే. టీకి ఎంతో రాస్తారు, అతనికి ఎంత ఇవ్వాలో రాయరు. బాస్టియన్ కాలపు లెక్కకు ఇది దూరపు చుట్టం.

ఈ నాలుగు ప్రశ్నలూ కొండకు బయటివాణ్ణయిన నా తెలివితో పుట్టినవి కావు. నేను పనిచేసే బడిలో కొండ ఊళ్లనుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలున్నారు. తొమ్మిదో తరగతి తెలుగులో వ్యాసరచనకు విహారయాత్ర అన్న పాత అంశం బదులు, మీ ఊరినుంచి బడికి దారి రాయండి అని ఇచ్చాను. మైదానపు పిల్లలు పది పంక్తుల్లో ముగించారు. ఒక కొండ ఊరి అమ్మాయి నాలుగు పేజీలు రాసింది. ఎక్కడ జలగలుంటాయో, ఏ చెట్టుకింద ఫోను పలుకుతుందో, ఏ గెడ్డ వాన కురిసిన ఎంతసేపటికి పొంగి ఎంతసేపటికి తగ్గుతుందో, ఎక్కడ చెప్పులు చేత్తో పట్టుకోవాలో రాసింది. మధ్యలో ఒకచోట, ఇక్కడ డోలీ దింపి భుజం మార్చుకుంటారు, రాయి బల్లపరుపుగా ఉంటుంది అని ఒక వాక్యం. దానిమీద వ్యాఖ్య లేదు, విచారం లేదు. తర్వాతి వాక్యంలో దారి ఎడమకు తిరిగింది. మానవస్పర్శ ఎరగని ప్రకృతి అన్న మాట రాసే చేయి ఆ రాయిని చూసి కూడా చూడదు. ఆ రాయిమీదే నడకరులు కూర్చుని ఫొటో దిగే అవకాశం ఉంది. దిగవచ్చు, అది దేనికి వాడే రాయో తెలిసి దిగాలి.

ఆ పిల్ల వ్యాసంలో నా నాలుగు ప్రశ్నలకూ జవాబులున్నాయి. విధ్యర్థకాలు తక్కువ, ప్రథమ పురుష ఎక్కువ. ప్రతి మలుపులో ఎవరో ఒకరు ఎదురవుతున్నారు, ఏదో ఒక పనిమీద వెళుతున్నారు. యాసలో రాసిన చోట్లు దిద్దమని తోటి ఉపాధ్యాయులు అన్నారు. నేను దిద్దలేదు. గెడ్డను సెలయేరు చేస్తే ఆ దారిలో ఎవరూ వెళ్లలేరు.

అందువల్ల నా సూచన ఇది. విశాఖ, అనకాపల్లి, అల్లూరి, పార్వతీపురం మన్యం, శ్రీకాకుళం జిల్లాల్లో బడిపంతుళ్లుగా ఉన్న మన సభ్యులు ఈ సంవత్సరం తమ కొండ ఊళ్ల పిల్లలచేత దారులు రాయించాలి. ఊరిపేర్లు, గెడ్డల పేర్లు, బండల పేర్లు వాళ్ల ఉచ్చారణలోనే ఉంచాలి. సాహిత్య విద్యార్థులు ఇప్పుడు చెలామణిలో ఉన్న నడక ప్రణాళికలు తీసుకుని వాటి పక్కన ఈ వ్యాసాలు పెట్టి చదవాలి. రెండింటిలో ఏది ఎవరికి పనికొస్తుందో తేల్చాలి. పరిశోధనకు అంశాలు దొరకడంలేదని ఎమ్మే పిల్లలు అంటూ ఉంటారు, ఇది ఒక అంశం. కొండకు వెళ్లదలచుకున్న రచయితలు కూడా ఆ పిల్లల కాగితాలు చేతబట్టుకుని వెళ్లడం మంచిది. వానలు తగ్గి గెడ్డలు దిగిన కార్తీకం నుంచి దారులు నడవడానికి వీలుగా ఉంటాయి. వెళ్లేముందు ఆ ఊరి సంత ఏరోజో కనుక్కోండి.